రీఫ్ ట్యాంకు కట్టేముందు కరెంటు పోయిన రాత్రి గురించి

"ఇంట్లో పెద్ద రీఫ్ ట్యాంకు పెడదామనుకుంటున్నా, ఏ లైటు కొనమంటారు?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. రీఫ్ ట్యాంకంటే సముద్రంలోలా ఉప్పునీటిలో పగడాలను, చేపలను పెంచే గాజుతొట్టి. కొత్త అపార్ట్‌మెంట్ల హాళ్లలో ఆరడుగుల గోడ ఒకటి ఖాళీగా మిగులుతోంది. ఫోన్లో చూస్తే నీలివెలుగులో ఊగే పగడాల వీడియోలు. ఇంకేం, లైటు ధర కనుక్కోవడంతో మొదలవుతుంది వ్యవహారం. లైటు గురించి అడగడం తప్పు కాదు, కాకపోతే అది చిట్టచివర అడగాల్సిన మాట. హైదరాబాదులోనో విశాఖలోనో విజయవాడలోనో ఉండే మనిషి ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: మే నెలలో అర్ధరాత్రి కరెంటు పోయి తెల్లారేదాకా రాకపోతే ఈ గాజుపెట్టెలో ఏం జరుగుతుంది? ఆ రాత్రిని ముందు కాగితం మీద గీసుకోవాలి. అక్కణ్నుంచి వెనక్కి నడుచుకుంటూ వచ్చి పంపులు, వైరింగు, నీళ్లు, ట్యాంకు కొలతలు, చివరికి ఏ జీవాలు అన్నది నిర్ణయించుకోవాలి. మామూలుగా అందరూ దీనికి సరిగ్గా ఎదురు దిశలో వెళ్తారు.

నాకీ వరస నేర్పింది భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా మావయ్య. నా ప్లాను కాగితాలు చూపిస్తే ఆయన లైట్ల పేజీ తిప్పేసి నేరుగా అసలు విషయానికి వచ్చాడు.

"ఎన్ని లీటర్లురా?"

"ట్యాంకు కింద పెట్టే సంపు తొట్టితో కలిపి పదకొండొందలు మావయ్యా."

"కరెంటు పోతే?"

"ఇన్వర్టరుంది."

"ఆ ఇన్వర్టరు ఫ్యాన్లకా, చేపలకా?"

చెరువు చేసేవాళ్లకి ఇది ప్రాణసంకటం లాంటి ప్రశ్న. తెల్లవారుజామున మూడింటి నుంచి ఐదింటి మధ్య నీళ్లలో డీఓ, అంటే కరిగి ఉన్న ఆక్సిజన్, అన్నిటికన్నా తక్కువలో ఉంటుంది. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు రొయ్యతో పోటీపడి పీల్చుకుంటుంది. ఆ వేళకి ఏరేటర్లు ఆగితే రొయ్యలు తేలిపోతాయి. అందుకే జనరేటర్ లేకుండా ఎవరూ చెరువు దించరు. రీఫ్ ట్యాంకులోనూ జరిగేది అక్షరాలా ఇదే. 26 డిగ్రీల దగ్గర, లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న నీటిలో ఆక్సిజన్ నిండుగా కరిగినా లీటరుకు ఆరున్నర, ఏడు మిల్లీగ్రాముల మధ్యే. అదే వేడిలో మంచినీళ్లయితే ఎనిమిది దాటుతుంది. అంటే ఉప్పునీటి జీవాలకు మొదటినుంచీ నిల్వ తక్కువ. చేపలు, పగడాలు మాత్రమే కాదు, రాళ్లలోని బ్యాక్టీరియా కూడా అందులోంచే తీసుకోవాలి. ట్యాంకు లోతు పెరిగేకొద్దీ నీళ్ల మొత్తానికి గాలి తగిలే ఉపరితలం నిష్పత్తి తగ్గిపోతుంది కనుక, పంపు ఆగినప్పుడు లోతైన ట్యాంకే ముందు ఇబ్బందిపడుతుంది.

వేడి సంగతి? అందరూ దానికే భయపడతారు గానీ, ఆ ఒక్క రాత్రికి అది రెండో శత్రువు. పదకొండొందల లీటర్ల ఉప్పునీళ్లు ఒక్క డిగ్రీ పెరగాలంటే దాదాపు ఒకటింబావు యూనిట్ల వేడి కావాలి. గదిలో 33 డిగ్రీలున్నా, పంపులు ఆగి ఉన్నప్పుడు నాలుగైదు గంటల్లో ఒక డిగ్రీకి మించి పెరగదని నా లెక్క. ఆక్సిజన్ అన్ని గంటలు ఆగదు. కాబట్టి ఆ రాత్రి నీటిని చల్లబరిచే యంత్రం చిల్లరును నడపాలన్న ఆలోచన మానేసి నీటిని కదిలించడం మీదే దృష్టి పెట్టాలి.

ఇక్కడ లెక్క చాలా అనుకూలంగా వస్తుంది. ఇళ్లలో ఉండే 150 ఏహెచ్, 12 వోల్టుల ట్యూబులర్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్లు ఉంటాయి. బ్యాటరీ బతకాలంటే సగమే వాడాలి. ఇన్వర్టరులో పోయేది తీసేస్తే చేతికొచ్చేది ఎనిమిది వందలనుకుందాం. సంపు నుంచి నీళ్లు పైకి పంపే రిటర్న్ పంపు, నురగతో వ్యర్థాలు తీసే స్కిమ్మరు, నీటిని కదిలించే వేవ్‌మేకర్లు అన్నీ కలిపి 200 వాట్లు లాగితే నాలుగు గంటల్లో ఖాళీ. అలా కాకుండా రెండు డీసీ వేవ్‌మేకర్లను తక్కువ వేగంలో పెట్టి, పైకి తిప్పి నీటి ఉపరితలం చెదిరేలా చేస్తే చెరో ఇరవై వాట్లతో సరిపోతుంది. అదే బ్యాటరీ ఇరవై గంటలు లాగుతుంది. అందుకే ట్యాంకు వెనకాల గోడలో రెండు వేర్వేరు సర్క్యూట్లు గీయించాలి: ఒకటి మెయిన్ మీద, ఇంకొకటి ట్యాంకు కోసమే పెట్టిన బ్యాటరీ మీద. ఇంట్లో ఫ్యాన్లతో కలిపితే మావయ్య అడిగిన ప్రశ్నే మళ్లీ ఎదురవుతుంది, రాత్రి రెండింటికి ఉక్కపోతలో దానికి జవాబు చేపల పక్షాన రాదు. ఇన్వర్టరు ప్యూర్ సైన్ వేవ్‌ది అయి ఉండాలి. చవకరకం స్క్వేర్ వేవ్‌ మీద ఏసీ పంపులు గుర్రుమని మోగుతూ వేడెక్కుతాయి.

ఈ చెడ్డ రాత్రి అన్ని ఊళ్లకీ ఒకటి కాదు. హైదరాబాదులో అది ట్రాన్స్‌ఫార్మర్ పేలిన నాలుగు గంటలు కావచ్చు. విశాఖలో ఉండేవాళ్లు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పటి రోజులు గుర్తుచేసుకోవాలి. రోజుల తరబడి కరెంటు లేని ఊరికి బ్యాటరీ ఏమూలకీ చాలదు, జనరేటర్ ఉండాల్సిందే, దానికి డీజిల్ ముందే నిల్వ ఉండాలి. డాలస్‌లో ఉండే మనవాళ్లకయితే చెడ్డ రాత్రి చలిది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సాస్ గ్రిడ్ కుప్పకూలే దాకా వచ్చి కరెంటు పోయినప్పుడు ఇళ్లు గడ్డకట్టి రీఫ్ ట్యాంకులు చల్లబడి పోయాయి. అక్కడ చిల్లరు మాట అటుంచి, హీటరుకు బ్యాకప్ ఉందా అన్నది అడగాలి. మరొకరి ఊరి సామాన్ల జాబితాను మక్కీకి మక్కీ దించుకోవద్దని నేను మొత్తుకునేది ఇందుకే.

ఇక మామూలు రోజుల వేడి. ఒక రాత్రికి రెండో శత్రువు గానీ, మార్చి నుంచి జూన్ దాకా ఇదే మొదటిది. పగడం ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచు దానికి తిండి పెడుతుంది. నీళ్లు అలవాటైన వేసవి గరిష్ఠానికి ఒక డిగ్రీ పైన వారాల తరబడి నిలిచాయంటే ఆ పొత్తు చెడి, పగడం నాచును బయటికి నెట్టేసి తెల్లబడిపోతుంది. సముద్రంలోనే ఈ గండం తప్పడం లేదు. ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబడే నాలుగో దశ నడుస్తోందని 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ప్రకటించింది, ఆ ఏడాదే లక్షద్వీప్ పగడాలూ భారీగా తెల్లబడ్డాయి. ఇంట్లో నేను 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంచాలని చూస్తాను.

దీనికి చవకైన సాధనం నీటి మీదికి గాలి కొట్టే ఫ్యాను. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్ల వేడిని పట్టుకుపోతాయి. పది లీటర్లు ఆవిరైతే ఆరేడు యూనిట్లు. ఇది ఎంత దూరం పనిచేస్తుందో చెప్పేది తడి బల్బు ఉష్ణోగ్రత, ఫ్యాను ఎంత తిరిగినా నీళ్లు దానికన్నా చల్లబడవు. హైదరాబాదులో ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీలు, తేమ పాతిక శాతం ఉంటే తడి బల్బు 24 దగ్గర ఉంటుంది. ఫ్యానుకు దారుంది. విశాఖలో 34 డిగ్రీలు, తేమ 70 శాతం అంటే తడి బల్బు 29. అక్కడ పది ఫ్యాన్లు పెట్టినా 26 రాదు, చిల్లరో ఏసీ గదో తప్పదు. థర్మామీటరులో హైదరాబాదే ఎక్కువ వేడి చూపిస్తున్నా రీఫ్ ట్యాంకుకు విశాఖే కష్టమైన ఊరు. ఈ మాట చెబితే విశాఖ మిత్రులు ఒప్పుకోరు, సముద్రం పక్కనే ఉంది కదా అంటారు.

చిల్లరు కొంటే దాన్ని ట్యాంకు కింద స్టాండులో దాచొద్దు. అది నీటిలోంచి తీసిన వేడిని, తాను తినే కరెంటు వేడిని కలిపి అదే గదిలోకి వదులుతుంది. యుటిలిటీ బాల్కనీలో పెట్టి గోడలోంచి పైపులు తేవాలి. ఆ బాల్కనీకి పడమటి ఎండ తగులుతుంటే చిల్లరు సత్తా బాగా పడిపోతుంది కనుక ఒక సైజు పెద్దది తీసుకోవాలి. ఫ్యాన్ల దారి పట్టినవాళ్లు ఎగ్జాస్టు ఫ్యాను మరవకూడదు. రోజుకు పది లీటర్ల తేమ మూసిన హాల్లో తిరిగితే గోడలకు బూజు, అల్మారా తలుపులు ఉబ్బడం, తర్వాత ఇంట్లోవాళ్లతో గొడవ.

పెద్ద ట్యాంకు నిలకడగా ఉంటుంది కాబట్టి తేలిక అని ఒక మాట ప్రచారంలో ఉంది. సగమే నిజం. చిన్నదాంట్లో గంటలో జరిగే ప్రమాదం పెద్దదాంట్లో రోజు తీసుకుంటుంది, నిజమే. దిద్దుకోవడానికీ రోజులు పడుతుంది మరి. 31కి చేరిన పదకొండొందల లీటర్లను 26కి తేవాలంటే ఆరు యూనిట్లకు పైగా వేడి బయటికి తోడాలి, లోపల పంపులు వేడి చేస్తూనే ఉంటాయి. ఒక్కసారి పది శాతం నీళ్లు మార్చాలంటే నాలుగు కిలోల ఉప్పు కలపాలి, అంత నీటిని ముందురోజే తయారుచేసి పెట్టుకోవాలి. మొదటిసారి నింపడానికే నలభై కిలోల ఉప్పు. వీటన్నిటికీ చోటు, డ్రమ్ము, పంపు ఇంటి ప్లానులో ఉన్నాయా? హాలు కొలిచినవాళ్లు ఈ డ్రమ్ము చోటును కొలవరు.

కొలతల విషయంలో నా ఓటు ఆరడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు. 30 ఘనపుటడుగులు, అంటే 850 లీటర్లు. ఎత్తు రెండడుగులు దాటితే చెయ్యి అడుగుకు అందదు, వెలుగు అడుగుకు చేరదు, గాజు మందం పెరుగుతుంది. వెడల్పు మాత్రం ఎంత ఇస్తే అంత మంచిది, రాళ్ల వెనక చేపకు దారి ఉంటుంది. నీళ్లు, గాజు, రాళ్లు, స్టాండు, కింద సంపు అన్నీ కలిపితే 1400 కిలోల పైమాటే. ఆ బరువు ఒకటిన్నర చదరపు మీటర్ల కన్నా తక్కువ జాగాలో కూర్చుంటుంది. నివాస గదుల అంతస్తులకు భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం తీసుకోమన్న లైవ్ లోడు (మనుషులు, సామాన్ల బరువు) చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 200 కిలోలు. మన ట్యాంకు కింద పడేది దానికి ఐదు రెట్లు. గది మొత్తానికి పంచితే, బీము పక్కన గోడవారగా పెడితే చాలా భవనాలు మోస్తాయి గానీ, ఆ మాట చెప్పాల్సింది ఇంటీరియర్ డిజైనరు కాదు, భవనం డ్రాయింగులు చూసిన స్ట్రక్చరల్ ఇంజినీరు.

వాస్తు వాళ్లొస్తే ఇంకో చిక్కు. ఈశాన్యంలో నీళ్లుండాలంటారు, ఈశాన్యంలో బరువుండకూడదనీ అంటారు. టన్నున్నర ట్యాంకును ఏం చేయాలో ఇంతవరకూ ఎవరూ నాకు తేల్చి చెప్పలేదు. బీము ఎటుంటే అటే పెట్టండి.

స్టాండు ఎంఎస్ ఇనుప స్క్వేర్ పైపుతో వెల్డింగు చేయించి ఎపాక్సీ పెయింటు దట్టంగా వేయించాలి. ప్లైవుడ్ అందంగా ఉంటుంది, ఉప్పునీటి చెమ్మకు అంచుల దగ్గర విచ్చుకుంటుంది. గాజు కింద థర్మోకోల్ లేదా ఫోమ్ షీటు. ముందువైపు ఒక్కటీ ఎక్స్‌ట్రా క్లియర్ గాజు చాలు.

ట్యాంకు నుంచి సంపుకు నీళ్లు దిగే దారి మీద ఖర్చుకు వెనకాడొద్దు. మూడు పైపులు పెట్టించండి: గేటు వాల్వుతో నిండుగా పారేది ఒకటి, కొంచెంగా జారేది రెండోది, ఆ రెండూ పూడుకుపోతే ఆదుకునేది మూడోది. నత్త ఒకటి వెళ్లి పైపులో కూర్చుందంటే ఆ మూడోదే మీ కింది ఫ్లాటువాళ్లతో స్నేహాన్ని కాపాడుతుంది. కరెంటు పోయిన క్షణంలో రిటర్న్ పైపులోంచి, ఓవర్‌ఫ్లో బాక్సులోంచి నీళ్లు వెనక్కి దిగుతాయి, అవన్నీ పట్టేంత ఖాళీ సంపులో ఎప్పుడూ ఉండాలి. జీవాలేవీ లేని రోజుల్లో మెయిన్ ఆపి నీళ్లు ఎక్కడిదాకా లేస్తాయో చూసి, సంపు గాజు మీద మార్కరుతో గీత గీయండి. మళ్లీ వేసినప్పుడు పంపులన్నీ వాటంతట అవే అందుకుంటున్నాయో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. కొన్ని డీసీ పంపులు కరెంటొచ్చాక బటన్ నొక్కితే గానీ తిరగవు, అలాంటివి ఉచితంగా ఇచ్చినా వద్దు.

నీళ్ల గురించి కాస్త నెమ్మదిగా చెప్పాలి, మన దగ్గర ఎక్కువ ట్యాంకులు పాడయ్యేది ఇక్కడే. అపార్ట్‌మెంటు సంపులో మంజీరా నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు కలిసిపోతాయి. ఈ వారం టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల కొలత, రెండొందలుంటే వచ్చేవారం ఏడెనిమిది వందలు. పైగా మెయింటెనెన్సు వాళ్లు నెలకోసారి బ్లీచింగు పౌడరు గుమ్మరిస్తారు, అదీ చెప్పకుండా. ఆ క్లోరిన్ ఆర్‌ఓ మెంబ్రేనును తినేస్తుంది. కాబట్టి ముందు సెడిమెంటు ఫిల్టరు, తర్వాత కార్బన్ బ్లాకు, తర్వాత ఆర్‌ఓ, చివర మిగిలిన లవణాలనూ పట్టేసే డీఐ రెజిన్. బయటికొచ్చే నీళ్ల టీడీఎస్ సున్నా ఉండాలి. వంటింట్లో గోడకున్న ఆర్‌ఓ మిషను పనికిరాదు. దానిలో రుచి కోసం కాసిన్ని మామూలు నీళ్లు కలిపే ఏర్పాటుంటుంది, నలభయ్యో ఎనభయ్యో టీడీఎస్ ఇస్తుంది. తాగడానికి మంచిదే, ట్యాంకుకు పోస్తే నెలల్లో ఫాస్ఫేటు, సిలికేటు పేరుకుని గోధుమరంగు నాచు అల్లుకుంటుంది.

ఆవిరైన నీటి స్థానంలో మంచినీళ్లే పోయాలి, ఉప్పు ఆవిరవదు కదా. రోజుకు పది లీటర్లు పోయకపోతే మన ట్యాంకులో ఉప్పు రోజూ ఒక శాతం చొప్పున చిక్కబడుతుంది. ఆటో టాప్ ఆఫ్ అనే సెన్సరు పంపు ఆ పని చేస్తుంది, అయితే దాని డబ్బాను మరీ పెద్దది పెట్టొద్దు. సెన్సరు అంటుకుపోయి మొత్తం ఒక్కసారే పోసేసినా ట్యాంకు తట్టుకునేంతే, ఇరవై పాతిక లీటర్లే, అందులో ఉండాలి. ఆర్‌ఓ వదిలేసే వ్యర్థపు నీళ్లు వేసవిలో రోజుకు ముప్పై లీటర్లు దాటొచ్చు. కాలనీకి ట్యాంకర్లు తిరుగుతున్న నెలల్లో అవి డ్రైనులోకి పోతుంటే పక్కింటివాళ్లు ఏమీ అనకపోయినా మనకే బాగుండదు. బకెట్లలో పట్టి ఇల్లు తుడవడానికో టాయిలెట్ ఫ్లష్షుకో వాడుకోవాలి.

విశాఖలోనో కాకినాడలోనో ఉంటే సముద్రం నుంచే తెచ్చుకోవచ్చు కదా? తెచ్చుకోవచ్చు, కొలిచి మరీ. వానాకాలం తర్వాత గంగ, మహానది మోసుకొచ్చిన మంచినీళ్లు తీరం వెంబడి దక్షిణానికి దిగుతాయి. అక్టోబరు, నవంబరుల్లో మన ఒడ్డున 35 ఉండాల్సిన ఉప్పు 30 కన్నా కిందికి పడిపోతుంది. ఆంధ్ర తీరంలో లక్షద్వీప్‌లో ఉన్నట్టు పగడాల దిబ్బలు ఏర్పడకపోవడానికి నదుల మంచినీళ్లు, అవి తెచ్చే ఒండ్రు పెద్ద కారణం. తీరంలో రొయ్యపిల్లల హేచరీలు సముద్రపు నీటిని ఇసుక ఫిల్టరులో వడగట్టి, క్లోరిన్ వేసి, అది పోయాక వాడతాయి. పరిచయముంటే ఆ నీళ్లు అడిగి తెచ్చుకోవడం ఒడ్డున బిందె ముంచడం కన్నా ఎంతో నయం.

పరీక్షల విషయంలోనూ రొయ్యల జిల్లాల వాళ్లు అదృష్టవంతులు. భీమవరం చుట్టుపక్కల ఆక్వా ల్యాబులు రోజూ చేసేవే ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం, అమ్మోనియా పరీక్షలు. మన కిట్లు ఆల్కలినిటీని (పీహెచ్ పడిపోకుండా ఆపే శక్తిని) డీకేహెచ్‌లో చెబుతాయి, ల్యాబువాళ్లు పీపీఎంలో ఇస్తారు. ఒక డీకేహెచ్ అంటే 17.9 పీపీఎం. ల్యాబు కాగితం మీద 125 నుంచి 160 మధ్య ఉంటే రీఫ్ ట్యాంకుకు సరిపోయినట్టే. కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1300 ప్రాంతంలో.

ఇన్ని మాటలయ్యాక పరికరాలకు వస్తే అవి చాలా వరకు వాటంతటవే తేలిపోతాయి. 1961లో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ తన పద్ధతిని ఒక అమెరికన్ పత్రికలో రాసినప్పుడు ఆయన దగ్గరున్నవి సహజమైన సముద్రపు నీళ్లు, జీవమున్న రాళ్లు, సన్నగా గాలి బుడగలు, ఎండ. ఉష్ణమండలంలోనే, దాదాపు ఏ యంత్రమూ లేకుండా. తర్వాత బెర్లిన్ ఔత్సాహికులు దానికి గట్టి ప్రొటీన్ స్కిమ్మరును జోడించారు. ఇవాళ్టికీ గుండెకాయ ఆ రెండే: రాళ్లలో బ్యాక్టీరియా, పక్కన నురగ తీసే స్కిమ్మరు. ట్యాంకు పరిమాణానికి రెట్టింపు రేటింగున్న స్కిమ్మరు తీసుకోండి, అది వ్యర్థాలు తీయడంతో పాటు నీటికి ఆక్సిజన్ కూడా పట్టిస్తుంది. సంపులో ఒక గదిలో కీటోమార్ఫా నాచు పెంచి రాత్రిపూట దానికి లైటు వేస్తే తెల్లవారుజామున పీహెచ్, ఆక్సిజన్ మరీ పడిపోకుండా కాస్త ఆదుకుంటుంది. కంట్రోలర్లు, డోసింగ్ పంపులు, వైఫై స్విచ్చులు తర్వాత చూసుకోవచ్చు. రాత్రి రెండింటికి రౌటరు కూడా ఆగిపోతే ఆ యాప్ మనకేం చెబుతుంది?

లైటు. సరే, వచ్చాం. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ ప్రొఫెసరు సంజయ్ జోషి ఇంట్లో 500 గ్యాలన్ల రీఫ్ ట్యాంకు పెంచారు. దీపాల ప్రకటనలను నమ్మకుండా ఒక్కోదాన్నీ కొలిచి అంకెలు బయటపెట్టడం ఆయన ఈ లోకానికి చేసిన మేలు. మనం చేయాల్సిందీ అదే. వాట్లు కాదు, నీటి అడుగున పడే పార్ విలువ, అంటే పగడంలోని నాచు వాడుకోగల వెలుగు ఎంతో చూడాలి. గట్టి పగడాలకు 250 నుంచి 400 కావాలి, మెత్తటి పగడాలకు 50 నుంచి 150 చాలు. ఈ తేడా కరెంటు బిల్లులో మొదలై చట్టం దాకా పోతుంది.

ముందు బిల్లు. రిటర్న్ పంపు 80 వాట్లు, వేవ్‌మేకర్లు 80, స్కిమ్మరు 40, ఇవి ఇరవై నాలుగ్గంటలూ. లైట్లు 500 వాట్లు తొమ్మిది గంటలు. చిల్లరు 700 వాట్లు ఎనిమిది గంటలు. కూడితే రోజుకు పదిహేను యూనిట్లు, నెలకు నాలుగొందల యాభై. అదీ ఇంటి వాడకం మీద అదనంగా, పై శ్లాబులో. మెత్తటి పగడాలకు సరిపడా లైటు సగం వాట్లతో అయిపోతుంది. ఆ వేడి నీటిలో పడదు కాబట్టి చిల్లరూ తక్కువ తిరుగుతుంది.

ఇక చట్టం. గట్టి అస్థిపంజరం కట్టే పగడాలన్నీ, సీ ఫ్యాన్లు, నల్ల పగడాలు, ఆర్గన్ పైప్, ఫైర్ కోరల్ 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులి ఉన్న షెడ్యూలే అది. సముద్ర గుర్రాలకు, సముద్ర దోసకాయలకు కూడా ఆ చట్టం రక్షణ ఉంది. చచ్చిన పగడపు ముక్కకూ ఇదే వర్తిస్తుంది కనుక "లైవ్ రాక్" పేరుతో మన సముద్రం నుంచి తీసి అమ్మేదాన్ని ముట్టుకోకూడదు. 2022 సవరణ అమల్లోకి వచ్చాక అరుదైన జీవాల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందం జాబితాలోని విదేశీ జీవాలను ఇంట్లో ఉంచుకోవాలంటే నమోదు తప్పనిసరి, గట్టి పగడాలన్నీ ఆ జాబితాలోనూ ఉన్నాయి. దుకాణంలో వెనక గదిలోకి తీసుకెళ్లి చూపించి, బిల్లు అడిగితే నవ్వేవాళ్లు ఉంటారు. అందరూ పెడుతున్నారు కదా అనే వాదన నాకు నచ్చదు. వేడికి తెల్లబడి సగం పోయిన దిబ్బల నుంచి ఒక ముక్క విరిచి, కరెంటు పోతే ఆరు గంటలు కాపాడలేని హాల్లో పెట్టుకోవడానికి ప్రేమ అని పేరు పెట్టలేం.

కాబట్టి నా ట్యాంకు ప్లానులో గట్టి పగడాలు లేవు. రాళ్లు సిమెంటు, ఆల్చిప్పల పొడి కలిపి పోతపోయించి, పీహెచ్ దిగేదాకా వారాల తరబడి మంచినీళ్లు మార్చుతూ నానబెట్టినవి. వాటి మీద సార్కోఫైటాన్, సిన్యులేరియా, మష్రూములు, జోవాంథిడ్లు అనే మెత్తటి రకాలు, అవీ ఇళ్లలో ముక్కలు కోసి పెంచినవే, బిల్లుతో. ఇవి గట్టి పగడాల్లా సున్నపు అస్థిపంజరం కట్టవు. గట్టి పగడాలతో నిండిన ఇదే పరిమాణం ట్యాంకు రోజుకు ఒక డీకేహెచ్ చొప్పున లాగేస్తే ఇరవై గ్రాముల కాల్షియం కార్బొనేటు రోజూ భర్తీ చేయాలి. దానికే కాల్షియం రియాక్టరు, సున్నపు తేట చుక్కలుగా వదిలే ఏర్పాటు, డోసింగు పంపులు. మెత్తటి పగడాల ట్యాంకులో క్రమంగా నీళ్లు మారుస్తుంటే చాలు, ఆ పరికరాల డబ్బు బ్యాటరీకీ చిల్లరుకూ మళ్లించవచ్చు. అందంలో రాజీపడ్డట్టే కదా అంటారు. అరచేయంత సార్కోఫైటాన్ ప్రవాహానికి విచ్చుకుని ఊగడం చూడనివాళ్లే ఆ మాట అంటారు.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. జోవాంథిడ్లలో కొన్నిటికి పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయి మీద వేడినీళ్లు పోయడం, ఉడకబెట్టడం, పొడిగా గీకడం చేస్తే ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు లేకుండా వాటిని కోయొద్దు. పనిమనిషికి కూడా ఆ రాళ్లను కడగొద్దని చెప్పి ఉంచాలి.

చేపల్లో మొదట క్లౌన్‌ఫిష్ జంట. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ మండపం, విళింజం కేంద్రాల్లో, పరంగిపేటలోని అన్నామలై విశ్వవిద్యాలయ సముద్ర జీవశాస్త్ర కేంద్రంలో వీటిని హేచరీలో పిల్లలు చేయించే పద్ధతి ఎప్పుడో నిలదొక్కుకుంది. లక్షద్వీప్‌లోని అగత్తిలో చేపల జన్యు వనరుల జాతీయ సంస్థ ఎన్‌బీఎఫ్‌జీఆర్ స్థానిక మహిళలకు నేర్పి పెంచే పని చేయిస్తోంది. హేచరీ పిల్ల సముద్రంలో పట్టిన చేపకన్నా గుళికల తిండికి త్వరగా అలవాటుపడుతుంది, తెగులూ తక్కువ తెస్తుంది. అయినా నేరుగా ట్యాంకులో వదలకూడదు. పక్కన యాభై లీటర్ల తొట్టిలో కనీసం నెల రోజులు విడిగా ఉంచాలి. పెద్ద ట్యాంకులోకి తెల్లమచ్చల తెగులు ఒకసారి దిగితే, రాళ్లన్నీ పీకకుండా అక్కడ ఒక్క చేపనూ పట్టలేరు, రాగి మందు వేస్తే పగడాలు చస్తాయి. టాంగ్ లాంటి ఈదులాట ఎక్కువుండే చేప మొదటి ఏడాది వద్దు. ఎండాకాలం ఒకటి గడిచి, ఏప్రిల్, మే నెలల్లో నీటి వేడి, ఆక్సిజన్ రాసిపెట్టుకున్న పుస్తకం చేతికొచ్చాక, ఇంకో చేపకు చోటుందో లేదో దాన్ని చూసి తేల్చుకోవచ్చు.